తెగని గీత

మిట్టమధ్యాహ్నం. గోపాలపట్నం దాటాక ఒక సిగ్నలు దగ్గర, డ్రైవింగ్ స్కూలు కారులో. స్టీరింగు ముందు ఈశ్వరి, పక్క సీట్లో నేర్పే అర్జునరావు.

“ఎడం లైన్లోకెల్లీమంటారా మాస్టారూ?”

“ఇక్కడొద్దమ్మా. గీత సూడండి. ముక్కలుగా ఉందా, తెగకుండా ఉందా?”

“తెగకుండా.”

“అలగుంటే దాటకూడదు. లైను మారాలంటే ఎనకే మారీవలసింది, ముక్కల గీత ఉన్నప్పుడు. సిగ్నలు దగ్గరకొచ్చీసాక ఏ లైన్లో ఉంటే అందులోనే.”

“దాటితే?”

“కెమెరా పట్టీస్తాది. పక్కోడు గుద్దీగలడు కూడా. మీరొస్తారని ఆడికేటి తెలుసు? ఎర్రలైటు... క్లచ్చి, క్లచ్చి తొక్కండి. ఆఁ. బాగా ఆపినారు. ఏటమ్మా, అద్దంలోకలగ సూస్తన్నారు?”

“అంబులెన్సు. మన ఎనకాలే.”

“కంగారుపడకండి. ఎడం పక్క కాళీయే. ఇండికేటరేసి నెమ్మదిగా జరగండి.”

“గీతుంది కదా.”

“పర్లేదు, జరగండి.”

“ఇప్పుడే కదా దాటకూడదన్నారు.”

“దానికి దారివ్వాలమ్మా! లోపల మనిషుంటాడు. అదీ రూలే. తిప్పండి. ఇంకొంచెం. ఇంకొంచెం... సాలు. అదిగో, ఎలిపోనాది.”

“ఎలిపోనాదా?”

“ఎలిపోనాది.”

“ఇంతేనా?”

“ఏటి ఇంతేనా?”

“జరగడం. ఇంత సులువా అని.”

“సులువే. పచ్చ పడింది, పోనీండి. ఆ చెట్టు కింద పక్కకి ఆపీండి ఓపాలి. మొగం అలగైపోనాదేటి? భయమేసిందా?”

“లేదండి. భయమెయ్యట్లేదు. ఈమధ్య నాకేటీ అనిపించట్లేదు.”

“నీళ్ళు తాగండి.”

“వద్దండి. మా పాప ఉంది అందులో.”

“ఏటీ? ఇప్పుడెల్లిందాన్లోనా?”

“కాదండి. కిందటి వానాకాలం. పేరు శ్రీసత్య. ఇంటరు సదివేది. ఆయాసం దానికి. ఆరోజు మందు పీల్చినా తగ్గలేదు. దువ్వాడ నుంచి అంబులెన్సులో తెస్తన్నాం. నాను దాని సెయ్యి పట్టుకుని కూకున్నాను. ఈ సిగ్నలు దగ్గరే ఆగిపోనాం.”

“అయ్యో. ఎవులూ జరగలేదా?”

“అందరూ జరిగినారు. ముందర ఒక్క కారు జరగలేదు. పక్క లైను కాళీయే. అంబులెన్సు డ్రైవరు గోపి దిగెల్లి అద్దం మీద కొట్టినాడు. ‘గీతుంది బాబూ, కెమెరా ఉంది, పచ్చ పడనీ’ అన్నాడంట లోపలాయన.”

“మరి?”

“పచ్చ పడింది. ఎల్లినాం. ఆసుపత్రి గేటు దగ్గర దాని సెయ్యి జారిపోనాది.”

“ఏం మనిషమ్మా ఆడు! దయలేని ఎదవ.”

“అలగనకండి. మంచోడే. రూలు తప్పడు, అంతే. బండి నడిపినప్పుడు ఫోను కూడా ఎత్తడు. నాను అంబులెన్సులోంచి సేస్తానే ఉన్నాను, ఎత్తలేదు.”

“ఆగండాగండి. మీరు... ఆ కారాయనకి ఫోను సేసినారా?”

“మరి పాపకి బాలేదని ఆల్ల నాన్నకి సెప్పాల కదండీ.”