బరువు కుదిరిన సాయంత్రం

టీచరైన కూతురు బడి టెలిస్కోప్‌ను మిద్దె మీద బిగిస్తోంది. తాటిచెట్టు మీంచి పడి కుడిచేతిలో బలం తగ్గిన తండ్రి పక్కనే ఉన్నాడు.

“స్టాండు గిట్ల వంకర పెట్టినవేంది బిడ్డా?”

“గట్లనే ఉండాలె నాయినా. దాని మొకం ధ్రువనక్షత్రం దిక్కుండాలె.”

“మనం చూసేది చందమామను గదా?”

“అవు. స్టాండు గట్లనే ఉంటది, గొట్టమే చందమామ దిక్కు తిరుగుతది. నేను ఇటు దిక్కు కడ్డీ మీది బరువు జరుపుత, నువ్వు గొట్టం పట్టుకో.”

“నా చెయ్యి ఆగది. అమ్మను పిలువు.”

“నువ్వే పట్టు... ఆఁ, కుదిరింది. మెల్లగ చెయ్యి తియ్యి.”

“చెయ్యి ఎప్పుడో జారింది బిడ్డా. భయానికి చెప్పలే. మరి గిది పడ్తలేదేంది?”

“రెండు దిక్కుల బరువు సమానమైంది నాయినా. ఇగ ఒక్క వేలుతోటి తిరుగుతది. నువ్వే తిప్పు.”

“ఏ చేతితోటి?”

“కుడిచేతితోటే.”

ఆయన తిప్పాడు.