అవతలి గట్టు మేపుల్ చెట్లు

కెబెక్ అడవిలో గడ్డకట్టిన చెరువు, దాని అవతలి గట్టు. మార్చి నెల మధ్యాహ్నం. ఎర్మిన్, ఆమె తమ్ముడు ఓడిలోన్.

"నీ భయం నువ్వూను! పొద్దున చెరువు మీద నడిచే కదక్కా వచ్చాం. విరిగిందా?"

"అడుగడుగునా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను. నాన్న పోయింది ఈ నీళ్ళలోనే రా."

"మళ్ళీ అదే మాట. ముందు ఇటు చూడు. అన్నీ మేపుల్ చెట్లే! ఒక్కదానికైనా గొట్టం దిగిన మచ్చ లేదు. తుపానుకి మన చెట్లు సగం పోయాయి, ఈ ఏడు చెట్ల తీపినీళ్ళతో పాకం కాచినట్టే అనుకున్నామా? ఇక చూస్కో."

"చూశాంగా. పోదాం పద."

"ఒక్కదానికి తొలిచి చూడనీ. బరమా దిగింది... ఆ గొట్టం ఇలా ఇవ్వు. అబ్బ! బొట్టు బొట్టు కాదక్కా, ధారే! నాలుక మీద వేసుకో. తియ్యగా లేదూ?"

"ఓడిలోన్, ఇంత జోరుగా ఎందుకు కారుతోంది?"

"ఎండకి. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే కదా చెట్టు నీరు వదిలేది. నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. చెట్టులో కరిగింది చెరువులో కరగదా?"

"పొద్దున గట్టిగానే ఉందక్కా..."

"పొద్దున! ఇదిగో, ఈ కర్రతో ఇక్కడ పొడిచి చూడు. చూశావా? నీళ్ళు పైకొచ్చాయి."

"సరే, సరే. కొండ చుట్టూ తిరిగి పోదాం. పొద్దుపోయినా పర్లేదు."

"పద పద. నా ఎర్ర శాలువా ఏదీ?"

"అదీ..."

"ఏది రా?"

"గట్టు మీద ఆ చివరి చెట్టుకి కట్టేశాను."

"ఎప్పుడు?"

"రాగానే. ఇన్ని చెట్లు చూశాక ఆగలేకపోయాను. లొరెట్‌తో అనుకున్నాం కదా, ఎర్రది కనబడితే చెట్లు దొరికినట్టని, బకెట్లన్నీ మంచుబండిలో వేసుకుని గుర్రాన్ని కట్టుకు రమ్మని."

"నీ పెళ్ళాం ఇంకా చూసి ఉండదులే. చూసి ఉండదు కదూ?"

"అక్కా... గంటలు నీకూ వినబడుతున్నాయా?"

"దేవుడా! గుర్రం గంటలే. అదిగో, చెరువులోకి దిగుతోంది. లొరెట్! ఆగు! రాకు!"

"లొరెట్! వెనక్కి పో! వెనక్కి!"

"చెయ్యి ఊపుతోంది రా. మనం సంబరంతో కేకలేస్తున్నామనుకుంటోంది."

"శాలువా పీకేస్తాను!"

"పీకితే మనకేదో అయిందని ఇంకా తోలుకొస్తుంది. దాని సంగతి నీకు తెలీదూ?"

"ఆ వైపు నీడ, గట్టిగానే ఉంటుంది. ఎండ పడ్డ నడిమికి వచ్చిందంటే... ఏం చెయ్యనక్కా? నాకేం తోచటంలా!"

"నీ భుజాన ఉన్న తాడు ఇటివ్వు. ఆ కొస చెట్టుకి కట్టు. త్వరగా!"

"నడుముకి కట్టుకుంటున్నావేంటి? అక్కా, ఒద్దు. చెరువంటేనే వణికిపోతావు నువ్వు!"

"ఇప్పుడూ వణుకుతూనే ఉన్నాను, కనబడటంలా? అరుస్తుంటే రమ్మంటున్నామనుకుంటోంది. నేను మునగడం కళ్ళారా చూస్తే ఆగుతుంది. తాడు గట్టిగా పట్టుకో."