డిస్కూ లేదు, కీ నంబరూ లేదు

ముందు గదిలో బల్ల మీద కంప్యూటరు పడకేసింది. దాని ఎదుట ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటాయన కూచున్నాడు. కింద చాప మీద స్క్రూడ్రైవరు పట్టుకుని ఆయన బామ్మర్ది. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. లోపలి గదిలో ఇంటావిడ కుట్టుమిషను ఆడుతోంది.

“డిస్కు లేదన్నానా, లేదు. ఎన్నిసార్లు అడుగుతావురా?”

“అడగనా మరి? పోయినసారి పడకేస్తే నీ అంతట నువ్వే మళ్ళీ విండోస్ ఎక్కించుకున్నావు. అంతకు ముందుసారీ నువ్వే. అప్పుడున్న డిస్కు ఇప్పుడేమైంది బావా, కాళ్ళొచ్చి నడిచిపోయిందా?”

“ఈ సొరుగులోనే ఉండేది. నిన్న కరెంటు పోయి వచ్చింది, ఇది లేవలేదు. సొరుగు లాగి చూస్తే అట్టపెట్టె ఉంది, లోపల డిస్కు లేదు.”

“పోతే పోయిందిలే. నా పెన్‌డ్రైవులోంచి ఎక్కించేస్తా. కీ నంబరు చెప్పు చాలు.”

“కంప్యూటరు డబ్బా పక్కన చీటీ అంటించి ఉంటుంది, చూడు.”

“చూశా. చీటీ లేదు.”

“లేదా?”

“చెయ్యి పెట్టి చూసుకో.”

“ఊడిపోయి ఉంటుంది. పాతదైపోలా?”

“ఊడితే కాస్త జిగురైనా మిగలాలి కదా. శుభ్రంగా తుడిచినట్టుందిక్కడ.”

“నన్నడిగితే నేనేం చెప్పను! నంబరు లేకుండా అవదా?”

“ఎక్కడానికి ఎక్కుతుంది. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత నంబరేదీ, నంబరేదీ అని ప్రాణం తీస్తుంది, తెర నల్లబడిపోతుంది. ఆఫీసు పని చేసుకునేవాడివి, నీకెందుకా గొడవ?”

“దొంగ నంబరేదో ఒకటి కొట్టెయ్యకూడదూ?”

“ఏంటీ? నువ్వేనా ఈ మాట అనేది? నేను కొట్టు పెట్టిన రోజు, దొంగ సరుకు ముట్టుకోకురా అని గంటసేపు క్లాసు పీకావు!”

“అప్పుడు నాకు ఓపిక ఉండేదిరా.”

“ఇంత తిప్పలు ఎందుకు బావా? ఇది మీ ఆఫీసు వాళ్ళు పాతవి తీసేసినప్పుడు నీకిచ్చిందేగా. నంబర్లన్నీ వాళ్ళ దగ్గర ఉంటాయి. ఒక్క ఫోను కొట్టు, చిటికెలో చెబుతారు.”

“వద్దు.”

“ఎందుకూ?”

“ఇవాళ వాళ్ళకి తీరికుండదు.”

“నంబరు చదవడానికి తీరికేమిటి? పోనీ ఫోను నాకివ్వు, నేను మాట్లాడతా.”

“వద్దంటుంటే!”

“ఏమండీ! ఏమైందండీ, అరుస్తున్నారు?”

“ఏం లేదు! నువ్వు కుట్టుకో!”

“డిస్కు దొరికిందా?”

“లేదు!”

“అయితే ఆఫీసుకి ఫోను చేసి అడగండి మరి!”

“చేస్తాలే! ఒరేయ్, కాసేపు మాట్లాడకు.”

“ఏంటి బావా?”

“ష్. మిషను ఆగింది.”

“ఆగితే?”

“మాట్లాడకన్నానా... ఆఁ, మళ్ళీ మొదలెట్టింది. ఇప్పుడు చెప్పు. గొంతు తగ్గించి చెప్పు.”

“మిషను చప్పుడేంటి అలా ఉంది?”

“చమురు వెయ్యలేదేమో. దాని సంగతి మనకెందుకు, నువ్వు చెప్పు.”

“నేను చెప్పేదేముంది, చెప్పాల్సింది నువ్వు. ఆఫీసు పేరెత్తితే ఉలిక్కిపడుతున్నావు. ఏమన్నా గొడవైందా?”

“నీకెందుకురా. కానివ్వు.”

“సరే, కానిస్తా. ఎక్కిస్తే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ముందే చెబుతున్నా. ఆఫీసు ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పు, తీసి పక్కన పెడతా.”

“ఏం లేవు.”

“ఏం లేవంటే?”

“పక్కన పెట్టేదేం లేదు. తుడిచెయ్.”

“పొద్దున కూచుంటే చీకటి పడేదాకా లేవవని అక్క చెబుతుంది. ఇన్నాళ్ళు చేసిన పని, ఒక్క ఫైలు లేదా?”

“పేకముక్కల ఆట ఉంటుంది. అదొక్కటీ మళ్ళీ వెయ్యి.”

“జోకులెయ్యకు బావా.”

“జోకు కాదురా.”

“...బావా?”

“ఉద్యోగం పోయింది. ఎండాకాలం మొదట్లోనే తీసేశారు.”

“ఎండాకాలమా? వానలు కూడా అయిపోవచ్చాయి!”

“అవును.”

“మరి ఒకటో తారీఖున అక్క చేతిలో పెడుతున్నది?”

“పంపించేటప్పుడు వాళ్ళిచ్చిన దాంట్లోంచి తీసి జీతమని పెడుతున్నా. అదీ అడుగంటింది.”

“మరి ఆ ఫోన్లు? మొన్న నేనొచ్చినప్పుడు మీ మేనేజరుతో అంత వాదన పెట్టుకున్నావు...”

“ఎవరితో? ఫోను చెవిన పెట్టుకుని నాలో నేనే. సార్, సార్ అని. ఒక్కోసారి వాడు తిట్టినట్టు కూడా మొహం పెట్టేవాణ్ణి. లేని మేనేజరు చేత తిట్లు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటా.”

“నవ్వొస్తోందా నీకు?”

“ఏడవడానికి ఓపిక లేదురా.”

“అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు లీవు ఇవ్వలేదన్నావు. అక్కనొక్కదాన్నే పంపావు. ఆస్పత్రి వరండాలో నేనూ అక్కా కింద పడుకున్నాం. అల్లుడు రాలేదేమని అమ్మ అడిగింది బావా. వాళ్ళ మేనేజరు రాక్షసుడమ్మా అని అక్కే సర్దిచెప్పింది.”

“తెలుసు.”

“లీవు ఇవ్వకపోవడానికి అసలు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. ఆ రోజులన్నీ ఇక్కడే కూచున్నా. మీ అక్క ఇంట్లో లేదు, చూసేవాళ్ళు లేరు. అయినా పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని కూచున్నా. అలవాటైపోయింది.”

“బల్ల మీది నా పెన్‌డ్రైవు ఇలా ఇవ్వు.”

“తిట్టరా. తిట్టు, పడతా.”

“ముందు అది ఇవ్వు బావా. చేతికి పని లేకపోతే ఏమనేస్తానో నాకే తెలీదు.”

“ఇదిగో.”

“అక్కకి ఎందుకు చెప్పలేదు?”

“తీసేసిన రోజు చెబుదామనే వచ్చా. తనకి ఆ రోజే బడి పిల్లల యూనిఫారాల ఆర్డరు వచ్చింది. మొహం వెలిగిపోతోంది, ఇంటినిండా గుడ్డ పరుచుకుని కూచుంది. పొద్దున చెబుదాంలే అనుకున్నా. పొద్దున లేచి, ఇక నుంచి ఇంట్లోనే ఆఫీసు పని అనేశా. నోట్లోంచి అదే వచ్చింది. ఇక ఆ తర్వాత ఎక్కడ ఆపను?”

“ఎక్కడో ఒకచోట ఆపాలి కదా!”

“మీ అక్కకి చెప్పకురా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఛ, ఏం మాటలవి! లే, కుర్చీలో కూచో.”

“నాకు ఈ డబ్బా వెలగాలి. అంతే. ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది, దొరికాక నేనే చెబుతా. ఇది వెలగకపోతే రేపు పొద్దున ఎక్కడ కూచోను? ఏమని కూచోను?”

“ఉండు. ఆ టార్చి ఇటు పట్టు.”

“ఎక్కడ?”

“చీటీ ఉండాల్సిన చోట. చూశావా, రంగు కొంచెం ఉబ్బింది.”

“లోపల వేడెక్కుతుందిగా.”

“లోపలి వేడికి ఉబ్బితే ఇలా మొన ఆకారం తేలదు. ఇది ఇస్త్రీపెట్టె మొన. చీటీ చిరక్కుండా రావాలంటే పైన గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె తగిలించాలి. తానుల మీద చీటీలు మా అమ్మ అలాగే తీసేది. అక్కకీ తనే నేర్పింది.”

“ఏమంటున్నావురా నువ్వు?”

“చీటీ ఎవరు తీశారో చెబుతున్నా. డిస్కూ అక్క దగ్గరే ఉంటుంది. ఇది మాటిమాటికీ పడకేస్తుందని తనకి తెలుసు, ఈసారి పడకేసేదాకా కాచుక్కూచుంది. డిస్కూ, నంబరూ లేకపోతే నువ్వు ఆఫీసుకి ఫోను చెయ్యాలి. చెయ్యలేకపోతే నోరు విప్పాలి. నన్ను రమ్మన్నదీ తనేగా. మీ బావ దగ్గర కాసేపు కూచోరా, మాట్లాడు, తొందరేం లేదు అంది. కంప్యూటరు బాగుచెయ్యడానికి మాట్లాడేదేముందా అనుకున్నా.”

“కాదు. తెలిస్తే ఊరుకుంటుందా? ఇవాళ పొద్దున కూడా ఈ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.”

“నీ మొహం చూసి అడగలేక ఇచ్చింది బావా.”

“తెలీదంటున్నా! ఇప్పుడు కూడా మిషను ఆడుతున్నంతసేపే మాట్లాడాం. ఒక్క ముక్క వినబడి ఉండదు. నువ్వు చెప్పకుండా ఉంటే చాలు.”

“నేను చెప్పక్కర్లేదు. అమ్మ మిషను కింద పడుకుని పెరిగినవాణ్ణి, నాకా చప్పుడు తెలుసు. ఇందాకట్నుంచీ అక్క గుడ్డ పెట్టకుండా మిషను తొక్కుతోంది బావా.”