తోక ఎవరిది

న్యూయార్క్ రాష్ట్రం, స్కొహారీ లోయ. భూగర్భ శాస్త్రవేత్త ఎల్నాథన్ క్రాండల్ గారి ఇల్లు. మధ్యాహ్నం రైలుకి ఆల్బనీ నుంచి వూర్హీస్ అనే మరో శాస్త్రవేత్త అతిథిగా రావాలి. మాట్లాడుతున్నది ఆయన, ఆయన భార్య ట్రైఫీనా.

“మంచం కింద చూశావా?”

“చూశానండీ. మంచం కింద ఉన్నవన్నీ రాళ్ళే. అందులో మీ రాయి ఏదో నాకేం తెలుసు?”

“ఏదో ఏమిటి ట్రైఫీనా! రొట్టెంత ఉంటుంది. బూడిద రంగు. పైన ఎప్పుడో రాయైపోయిన సముద్రపు పురుగు తలా తోకా తేలి ఉంటాయి. దాని బొమ్మ గీసింది నువ్వేగా!”

“మీ పుస్తకాల్లో బొమ్మలన్నీ నేనే గీశాను. అన్నీ గుర్తుపెట్టుకుంటే ఇంక నిద్రలో కూడా పురుగులే. ముందు కూర్చుని తినండి.”

“తిండా? అవతల వూర్హీస్ రైలెక్కేశాడు! రాయి ఏదీ అంటాడు. కనబడట్లేదంటే, అసలు లేనేలేదు, క్రాండల్ ఊహించి రాశాడని రాష్ట్రమంతా చాటుతాడు. నా జీవితమంతా చేసిన పని మట్టిలో కలిసిపోతుంది!”

“మట్టిలోంచి వచ్చిందేగా.”

“నవ్వు, నవ్వు. ఆల్బనీ పత్రికలో రాసినప్పుడే వాడి బుద్ధి తెలిసింది. తల ఒక జీవిదట, తోక ఇంకో జీవిదట, క్రాండల్ గారు రెండూ కలిపి ఒకే పురుగు చేశారట!”

“అది వూర్హీస్ గారే రాశారని ఎక్కడుంది?”

“వాడు కాక ఇంకెవడు రాస్తాడు?”

“పూర్తిగా చదివారా?”

“మొదటి పేజీ చదివి పొయ్యిలో పడేశాను.”

“చాలా పేజీలున్నాయి, పాపం.”

“నీకెలా తెలుసు?”

“మండుతుంటే చూశాగా. అయినా ఆయనకి మీమీద కోపం ఉండదా ఏమిటి? బురదలో పురుగు పాకిన జిగురు చారకి ఆయన పేరు పెట్టారు.”

“ఎప్పుడు ఏది దొరికితే దానికి పెట్టాను. అంతే.”

“అవునవును. మీ ఉద్యోగం పొడిగించిన గవర్నరు గారి పేరుకేమో ఈ పెద్ద పురుగు దొరికింది. మీ కంచరగాడిద డెబోరా పేరుకి చక్కటి గవ్వ దొరికింది.”

“డెబోరా లేకపోతే ఆ కొండలన్నీ ఎక్కగలిగేవాణ్ణా?”

“నేను లేకపోతే దిగి వచ్చేవారా?”

“మళ్ళీ మొదలెట్టావూ.”

“నేనేమైనా అడిగానా? కంచరగాడిదకి ఉంది, నాకు లేదు. అంతేగా అన్నాను.”

“నాకు మాత్రం ఉందా? మన పేరు మనం పెట్టుకోకూడదు, ఇంకొకరు పెట్టాలి. ఒక్కడు పెట్టాడా? ఈ రాష్ట్రంలో బొగ్గు లేదు, తవ్వకండిరా అన్నాను. టర్నిప్ దుంపలు విసిరారు. అయినా తవ్వారు. దొరికిందా?”

“దొరకలేదు.”

“అప్పుడైనా నన్ను తలుచుకున్నారా?”

“తలుచుకోకేం! ఆ మాటలు వినలేక నేనే చెవులు మూసుకున్నాను.”

“నవ్వులాట కాదే. రేపు నేను పోతే ఒక్క గవ్వకీ, ఒక్క నత్తకీ ఎల్నాథన్ క్రాండల్ పేరుండదు. ఆ పురుగుని కనిపెట్టింది క్రాండల్ అన్న మాట ఒక్కటే మిగిలింది. ఇవాళ్టితో అదీ పోతుంది.”

“ఊరుకోండి మరీనూ. ఇదిగో, ఈ ఊరేసిన దోసకాయ ముక్క తినండి.”

“వద్దు. ఈ ఏడు నీ దోసకాయలు చప్పగా ఏడ్చాయి. వెనిగర్ పోశావా, వాన నీళ్ళా?”

“ఎప్పుడూ పోసినంతే పోశానండీ. మొదట్లో పైన ఒకటే నురగ. తర్వాత పులుపు చచ్చింది.”

“నురగా?”

“బుసబుసమని.”

“ట్రైఫీనా… జాడీలో దోసకాయలు పైకి తేలకుండా ఏం పెట్టావు?”

“పళ్ళెం.”

“పళ్ళెం మీద?”

“బరువు.”

“ఏం బరువు?”

“ఏదో… చేతికందింది.”

“రొట్టెంత ఉందా?”

“అప్పుడు ఉంది.”

“అప్పుడేమిటే! అది సున్నపురాయి! పులుపు తగిలితే కరిగిపోతుంది! ఆసిడ్ చుక్క వేసి, నురగొస్తే సున్నపురాయని కనబడ్డవాళ్ళందరికీ చూపించానే!”

“నా గౌన్లన్నీ చిల్లులు పడేట్టు చూపించారు. అరవకండి. ఇదిగో జాడీ. చొక్కా చెయ్యి మడుచుకుని మీరే తియ్యండి.”

“లేదు. రాయే లేదు… ఆగు. ఇదేమిటి, గట్టిగా తగులుతోంది? ట్రైఫీనా! ఆ తెర తియ్యి, వెలుతురు రానీ! రాయి కరిగింది, పురుగు మిగిలింది! ఇదంతా చెకుముకి రాయిలా మారిపోయిందే, అందుకే పులుపు దీన్నేం చెయ్యలేదు. వీపు మీద ముళ్ళు చూడు! ఇన్ని ముళ్ళున్నాయని లోకంలో ఎవరికీ తెలీదు. నేను సుత్తితో చెక్కి ఉంటే అన్నీ విరిగేవి. నీ చెయ్యి చల్లగుండ!”

“నాదేముంది, అంతా దోసకాయల చలవ.”

“రానీ ఆ వూర్హీస్‌ని! తల ఇదిగో, నడుం ఇదిగో, తోక…”

“తోక?”

“తోక ఇటు తిరిగి ఉందేమిటి?”

“అవునా?”

“దీనికి వేరే నడుం ముక్క అంటుకుని ఉంది.”

“అయ్యో.”

“దాని తోక దానికుంది, ఇక్కడ, కిందికి మడుచుకుని. ఇది ఇంకోదాని తోక. వచ్చి పక్కన పడింది, అంతే. రెండు జీవులు, ట్రైఫీనా.”

“మంచినీళ్ళు తాగుతారా?”

“ఆ దౌర్భాగ్యుడు రాసిందే నిజం. నాకు ఏడుపొస్తోంది.”

“దౌర్భాగ్యుడు అనకండి.”

“అననులే. దణ్ణం పెట్టాలి వాడికి. కానీ ఎలా కనిపెట్టాడు? ఈ రాయిని కంటితో చూడలేదే! పైనుంచి చూస్తే నాకే తెలీలేదు. ఇలా రాయి వదిలాక చూస్తే తప్ప ఎవరికీ… ఇలా చూసినవాళ్ళకే…”

“దోసకాయ ముక్క తినండి.”

“ఈ జాడీ ఎప్పుడు పెట్టావు?”

“ఆకులు రాలేటప్పుడు.”

“పత్రికలో ఎప్పుడొచ్చింది?”

“మంచు మొదలయ్యాక.”

“ట్రైఫీనా!”

“చూడగానే మీకు చెప్దామనే అనుకున్నానండీ. ఆ రోజే మీ స్నేహితులు భోజనానికొస్తే, వడ్డిస్తున్న నా ఎదురుగానే డెబోరా గవ్వ గురించి గంటసేపు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. బొమ్మ గీసి, తోచింది రాసి ఆల్బనీకి పంపేశాను. పురుగుని మళ్ళీ జాడీలోనే పెట్టాను. ఈ ఇంట్లో మీరు వెతకని చోటు వంటిల్లొక్కటే.”

“రాసింది నువ్వని పేరైనా వెయ్యకుండా పంపావా?”

“చివరి పేజీలో ఉంది నా పేరు. మొదటి పేజీకే మీరు పొయ్యి దగ్గరికి పరిగెడితే నేనేం చెయ్యను?”

“అయితే ఈ వూర్హీస్…”

“నాతో మాట్లాడ్డానికే వస్తున్నారు. అదిగో, తలుపు కొడుతున్నారు.”

“కొట్టనీ! కొత్త జీవి అన్నాక కొత్త పేరు ఉండాలిగా. ఆ తోకదానికి పేరు పెట్టావా?”

“పెట్టాను. ముందు అచ్చులో ఎవరు పెడితే అదే ఖాయం, ఇంక దేవుడు దిగొచ్చినా మార్చలేడని మీరేగా అంటారు.”

“నీ పేరే పెట్టుకున్నావా?”

“మన పేరు మనం పెట్టుకోకూడదటగా.”

“మరి ఎవరి పేరే? గవర్నరుదా? ఆ గాడిదదా? చెప్పవే!”

“ముందు వెళ్ళి తలుపు తియ్యండి. ‘ఎల్నాథన్ తోక’ని చూడాలని పాపం ఆల్బనీ నుంచి ఇంత మంచులో వచ్చారాయన.”