వార్నిష్ చొక్కా

సముద్రపు ఒడ్డు. ఒక వడ్రంగి, అతని బావమరిది.

“మీ అక్కని చంపింది నువ్వే. అందులో వాదించడానికేం లేదు.”

“సరే బావా. కాస్త కూర్చో.”

“కూర్చోవడానికి రాలేదు. ఎక్కడ పోయిందో చూపిస్తానన్నావు. చూపించు.”

“ఇక్కడే. అప్పుడు నీళ్లు ఇంకాస్త వెనక్కి ఉన్నాయి. ముందుకి తొయ్యరా, తొయ్యరా అని అక్క ఒకటే గొడవ. కుర్చీ కదిల్తేగా! దానికి నువ్వు బిగించిన చక్రాలు ఇసుకలో దిగబడిపోయాయి.”

“ఇంట్లో గచ్చు మీద తిరగడానికి చేశాను వాటిని. కదిలిస్తే ప్రాణం నిలవదని డాక్టరు చెప్పాడు. నీకూ చెప్పాడు.”

“అక్కకీ చెప్పాడు. అయినా సముద్రం చూస్తానంది.”

“నన్నూ అడిగింది. కుదరదన్నాను. నేను ఎవరింటికో తలుపులు బిగించడానికి పోయిన పూట చూసి ఎత్తుకుపోయావు. దొంగ వెధవ.”

“తిట్టు. ఏడాదిగా వింటూనే ఉన్నాను.”

“ఇంటికొస్తే మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. అదీ వంకరగా. నీ చేతి మడతే.”

“బావా, అక్క ఇక్కడ భయపడలేదు. అది చెప్పాలనే నిన్ను తీసుకొచ్చాను. ఇంట్లో గోడ పట్టుకుని వణికేది కదా. ఇక్కడ వణకలేదు. చూపు ఎట్లాగూ పోయింది, చప్పుడే వింటూ కూర్చుంది. ‘ఎంత పెద్దదిరా! ఇందులో నేనెంత, నా జబ్బెంత’ అని నవ్వింది. దేవుడి ముందు కూర్చున్నట్టు...”

“దేవుడా! ఉప్పునీళ్లు. మేకుకి తగిలితే తుప్పు.”

“నీకట్లా. అక్కకి కాదు.”

“ఆఖరున ఏమంది?”

“చెప్పాగా. నవ్వింది.”

“ఆఖరున ఏమందని అడుగుతున్నాను.”

“కెరటం వచ్చి నా చొక్కా తడిసిపోయింది...”

“నీ చొక్కా గోల ఎవడిక్కావాలి?”

“విను బావా. సంచిలో నీ చొక్కా ఉంది. పనిలో వేసుకునేది. బయల్దేరేటప్పుడు అక్కే పెట్టించుకుంది. ఇంకోటి లేక అదే తొడుక్కున్నాను.”

“నా వార్నిష్ చొక్కా?”

“ఆ. అక్క తల వాలిపోతుంటే గుండెకి ఆనించుకున్నాను. వాసన చూసింది. నా చెయ్యి పట్టుకుని...”

“ఆగావేం?”

“‘ఏమయ్యా, వచ్చావా’ అంది.”

“నిన్నా?”

“నన్నెప్పుడైనా అట్లా పిలిచిందా? ఒరేయ్ తప్ప ఇంకో మాట లేదు నాకు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? వచ్చానన్నాను. నీలాగా గొంతు తగ్గించి. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత... ఆ పట్టు వదిలిపోయింది.”

“చొక్కా ఏది?”

“తెచ్చాను. ఇదిగో. ఉతకలేదు.”

“ఇటివ్వు.”

“బావా, నన్ను క్షమించమని...”

“క్షమించను. నువ్వు తీసుకెళ్లావు, అది పోయింది. నేను చచ్చేదాకా అదే మాట.”

“సరే.”

“ఇంకోటి విను. ఆ పూట ఇక్కడికి వచ్చింది నేను. అది పిలిస్తే పలికింది నేను. ఈ చొక్కా సంగతి ఇక నేను మాట్లాడను. నువ్వూ ఎత్తకు.”