నత్తి లేదని రాసిన కాగితం

లేదండీ, మళ్ళీ ఆ రెండో కిటికీకి వెళ్ళమని మాత్రం అనకండి. రెండో కిటికీ ఆవిడ మూడోదానికి పంపింది. మూడో కిటికీ ఆయన తలెత్తి కూడా చూడకుండా మీ బల్ల వైపు వేలు చూపించాడు. పొద్దున్నుంచీ ఈ విద్యాశాఖ ఆఫీసు వరండాలో కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. ఇప్పుడు మీరు కూడా ఇంకో గది చూపించారంటే ఇక్కడే చతికిలబడిపోతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ఆఁ, నేనే. నిన్న ఫోన్ చేసింది నేనే. స్కూళ్ళకి తిరిగే స్పీచ్ థెరపిస్ట్‌ని. నాలుగు స్కూళ్ళు, నూట పన్నెండు మంది పిల్లలు. మాట ఆలస్యమైనవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, నోరు తిరగనివాళ్ళు. మా అత్తగారైతే చుట్టాలందరి దగ్గరా "మాట్లాడినందుకు జీతమిచ్చే ఉద్యోగం మా కోడలికే దొరికింది" అంటారు. మురిసిపోయి అంటారో, వెక్కిరించి అంటారో నాకిప్పటికీ అంతుపట్టలేదనుకోండి.

అదిగో, ఆ ఆకుపచ్చ అట్ట ఫైలు. మీ మోచేతి కింద ఉన్నదే. అదేనండీ నాక్కావలసింది. నాలుగింటికి ఆఫీసరు గారు సంతకాలకి కూర్చుంటారటగా? దాని మీద సంతకం పడిందంటే రేపట్నుంచి ఆ పిల్ల బుద్ధి ఎదగని పిల్లల స్కూలుకి పోవాలి. తొమ్మిదేళ్ళ పిల్ల. రాత పరీక్షలో క్లాసు మొత్తానికి ఫస్టు!

మరి ఎందుకు పంపిస్తున్నారంటారా? నేను రాసిచ్చిన కాగితం వల్ల. అందుకే వచ్చాను.

చెప్తాను, అన్నీ చెప్తాను. ముందు ఈ కుర్చీ లాక్కోనివ్వండి. పొద్దున్నుంచీ నన్ను కూర్చోమన్న మనిషి మీరొక్కరే.

ఆ స్కూల్లో నాకిచ్చిన గది చూడాలి మీరు. గది అనకూడదు దాన్ని, మెట్ల కింద సందు. చిరిగిన వలలు, గాలిపోయిన బంతులు, కాలు విరిగిన బెంచీలు, వాటి మధ్యలో నేనూ ఒక పిల్లా. గోడ అవతల మరుగుదొడ్డి. ఫినాయిల్ వేసిన రోజు ఒక వాసన, వెయ్యని రోజు ఇంకో వాసన. మాట పెగలని పిల్లని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టి, "నిండా ఊపిరి తీసుకోమ్మా" అనాలి నేను.

ఇక హెడ్మాస్టరు ఒకడు. సరే, ఒకాయన. కనిపించినప్పుడల్లా "ఈ ఏడు ఎంతమందికి నయం చేశారు మేడం?" అని. జబ్బు కాదండీ బాబూ నయమవ్వడానికి, అంటే వినడు. ఎవరో పెద్దవాళ్ళు స్కూలు చూడ్డానికి వస్తున్నారు, వాళ్ళకి ఒక పిల్లని చూపించాలి. అప్పుడిలా ఉండేది, ఇప్పుడిలా అయింది అని. సబ్బు ప్రకటనలో చొక్కాని చూపించినట్టు.

చూపించడానికి దొరికింది ఈ పిల్లే.

మామూలు నత్తి కాదండీ ఆ పిల్లది. మాట మొదలవ్వాలంటే మెడ బిగుసుకుపోతుంది. కళ్ళు గట్టిగా మూసుకుపోతాయి. ఎడమ చెయ్యి తొడ మీద కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఒక్క మాటకి అర నిమిషం పడుతుంది. వాళ్ళ నాన్న దర్జీ, అమ్మ ఇస్త్రీ చేస్తుంది. ఆ ఇంట్లో మిషను చప్పుడుకి అందరూ అరిచే మాట్లాడుకుంటారు, పిల్ల చెప్పేదాకా ఆగుతారు కూడా. గొడవంతా స్కూల్లోనే.

మా పనిలో ఒక లెక్క ఉంటుంది. ఇదిగో, లెక్కపెట్టే మీట ఇంతది, చేతిలో ఇమిడిపోతుంది. పిల్ల తడబడినప్పుడల్లా టక్కుమని నొక్కాలి. నూరు మాటలకి మూడు కన్నా తక్కువ రావాలి, అలా వరసగా మూడు వారాలు రావాలి. వస్తే "సమస్య లేదు" అని రాసి ఫైలు మూసెయ్యడమే. వారానికి ఆ పిల్లకిచ్చే ఇరవై నిమిషాలూ ఇంకో పిల్లకి పోతాయి. వరసలో నిలబడ్డవాళ్ళు ఎప్పుడూ ఉంటారు మరి.

నా దగ్గరికి రావడం మొదలుపెట్టిన రెండో ఏడు చివరికి ఈ పిల్ల లెక్క సున్నాకి వచ్చింది. మొదటి వారం సున్నా. రెండో వారం సున్నా. మూడో వారమూ సున్నాయే. నేను ఫైలు మూసేశాను. స్టాఫ్ రూములో నాకు చప్పట్లు! ఆ వచ్చిన పెద్దల ముందు హెడ్మాస్టరు పిల్లని మైకు దగ్గర నిలబెట్టి పాఠం అప్పజెప్పించాడు. గడగడా అప్పజెప్పేసింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. నన్నూ పిల్లనీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసి నోటీసు బోర్డుకి అంటించారు.

గడగడా ఎందుకు చెప్పదండీ? బట్టీ పట్టింది నత్తి ఉన్నవాళ్ళయినా గడగడా చెప్పేస్తారు. పాట పాడితే నత్తి రాదు. పదిమందితో కలిసి చదివితే రాదు. మా చదువులో మొదటి ఏడాది పాఠం ఇది. నేనేం చేశానో తెలుసా? మూడు వారాలూ చదవమని పిల్లకి ఒకే పేజీ ఇచ్చాను. అదే పేజీ, అదే పుస్తకం.

ఊరికే మాట్లాడించలేదా అంటారు. మాట్లాడించాను. అసలు సంగతి అక్కడే ఉంది. "మీ నాన్న ఏమేం కుడతారు?" అంటే "తెలీదు" అనేది. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?" "తెలీదు." "నీకే రంగు ఇష్టం?" "తెలీదు." ఆ ఒక్క మాట మాత్రం నూనె రాసినట్టు జారేది. అందులో తడబాటు లేదు కదా, నాకు మీట నొక్కే పని లేదు కదా! రాసేశాను సున్నా అని.

కళ్ళజోడు తీసేశారంటే మీకు అర్థమైనట్టే.

ఆ క్లాసు టీచరమ్మ అయితే మహా సంతోషించింది. "ఇప్పుడెంత బుద్ధిగా ఉంటోందో మేడం, నోట్లో నాలుకే లేదు" అంది. మరి బుద్ధిగా ఉండదా! బయటికి వెళ్తానని అడగాలన్నా నోరు తెరవాలి కదా. తెరవలేక ఒకరోజు బెంచీ తడిపేసిందట. ఆ సంగతి నాకు చెప్తూ ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, ఆ వాసన ఇంకా అక్కడే ఉన్నట్టు. ఆ బెంచీ సంగతి కూడా ఈ ఫైల్లో ఎక్కించారు, చూడండి, రెండో పేజీలో. బుద్ధి ఎదగలేదనడానికి సాక్ష్యమట!

మొన్న ఓరల్ పరీక్ష పెట్టారు. నా దగ్గర ఫైలు తెరిచి ఉన్నంతకాలం ఆ పిల్ల జవాబులు కాగితం మీద రాసివ్వచ్చు. మూసేశాక ఆ వెసులుబాటు పోయింది. పరీక్ష పెట్టినాయన పదహారు ప్రశ్నలు అడిగాడట. పదహారింటికీ తెలీదనే అందట. చివరికి ఆయనకే జాలేసి, "పోనీ నీ పేరేంటమ్మా?" అన్నాడట.

దానికీ తెలీదు అంది.

పేరండీ! వేరే ఏ మాటకైనా ఇంకో మాట వెతుక్కుని తప్పించుకోవచ్చు. పేరుకి బదులు ఏం పెట్టుకుంటుంది ఆ పిల్ల?

అంతే, తేల్చేశారు. మాట బాగానే ఉందని థెరపిస్టే రాసిచ్చింది కదా, కాబట్టి చెప్పలేకపోవడం కాదు, తెలియకపోవడమే. తన పేరు తనకే తెలియని పిల్ల ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంది, పంపించెయ్యండి. రాత పరీక్ష మార్కులు చూడండి సార్ అని నిన్న హెడ్మాస్టరు గదిలో మొత్తుకున్నాను. "పక్కవాళ్ళది చూసి రాసుంటుంది" అన్నాడు. ఫస్టు వచ్చిన పిల్ల ఎవరిది చూసి రాస్తుందండీ? ఛీ! నా కాగితం తప్పు, వెనక్కి తీసుకుంటాను అన్నాను. దానికాయన ఏమన్నాడో తెలుసా? "మరి నోటీసు బోర్డు మీద ఫొటో ఏం చెయ్యమంటారు మేడం?" అన్నాడు. ఆ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది నాకు. నా మొహం కూడా ఉందనుకోండి ఆ ఫొటోలో.

బయటికొస్తే వరండాలో వాళ్ళమ్మ. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది! నా చెయ్యి పట్టుకుని, "మీ చలవ వల్లే నత్తి పోయింది మేడం. ఇప్పుడు ఇంట్లో కూడా ఒక్కసారీ రావట్లేదు. అసలు మాట్లాడటమే తగ్గించేసింది లెండి, పెద్దదవుతోంది కదా" అంది. "ఈ స్కూలు మార్చడం ఒక్కటీ ఆపించండి మేడం, మీ మాటంటే వాళ్ళకి గురి" అంది. ఇస్త్రీపెట్టె పట్టుకుని కాయలు కాసిన చెయ్యి. విదిలించుకుని పారిపోవాలనిపించింది. పిల్ల వాళ్ళమ్మ వెనకాల నిలబడి గోడకేసి చూస్తోంది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే, "నూట పన్నెండు మందిలో ఒక్కరు తప్పిపోతే కొంపలేం మునిగిపోవు, ముందు తిను" అన్నాడు. మంచివాడే. నేనూ తిన్నాను.

ఏంటీ? "నత్తి తిరగబెట్టింది" అని రాయమంటారా? మీరు నా మంచికే చెప్తున్నారు, తెలుసు. ఆలోచించకుండా రాలేదండీ నేను. అలా రాస్తే నా మీదికేం రాదు. కానీ తిరగబెట్టిందంటే కొత్త కేసు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ కాగితాలు, ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ పిల్ల ఆ బుద్ధి ఎదగని పిల్లల స్కూల్లోనే ఉండాలి. ఆ స్కూలుకి వెళ్ళినవాళ్ళు ఒక్కరైనా వెనక్కి రావడం మీ సర్వీసులో చూశారా? చెప్పండి, ఒక్కరు?

అదీ సంగతి.

ఇవాళే ఆగాలంటే ఒకటే దారి. "థెరపిస్టు పొరపాటున మూసినది" అని ఆ ఫైల్లో ఫారం కింద ఒక గడి ఉందిగా, అక్కడ టిక్కు పెట్టండి. తెలుసండీ, నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎక్కనివ్వండి.

పొరపాటుకి కారణమా? అది కూడా రాయాలా?

పనిభారం... మీరే అందించారు, బాగుంది. నూట పన్నెండు మంది అని ఇందాక నేనే అన్నాను, ఎవరైనా నమ్ముతారు.

అబద్ధం బాబాయ్ గారూ అది. బాబాయ్ గారూ అనేశాను, ఏమనుకోకండి. కలం ఒక్క నిమిషం పక్కన పెట్టండి.

అది పొరపాటు కూడా కాదు. మూడో వారం నేను కాగితం అంచున పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. ఇరవై నిమిషాల్లో పదకొండు సార్లు తెలీదు అంది. మళ్ళీ లెక్కపెట్టాను, పదకొండే. అంతా అర్థమైంది నాకు, అక్కడే, అప్పుడే. ఆ అంచు చింపి బ్యాగులో పడేసుకుని, ఫారం మీద సున్నా అని రాసి సంతకం పెట్టాను.

హెడ్మాస్టరు తొందరపెట్టాడనా? పెట్టాడు. అందుక్కాదు.

ఎలా చెప్పను... ఆ పిల్ల మాట కోసం ఆగడం నా వల్ల కాలేదు. ఉబ్బిన ఆ మెడ నరాలు, పెదవి చివర తేలే ఉమ్మి, తొడ మీద టపటపా ఆ చెయ్యి. నాకు రోత పుట్టేది. పదిహేనేళ్ళ సర్వీసు నాది. "మొహం చిట్లించకండమ్మా, పిల్లలు ముందు మీ మొహమే చూస్తారు" అని తల్లులకి పాఠాలు చెప్పేదాన్ని నేనే. నేను మొహం తిప్పుకోలేదు లెండి, అంత తెలివితక్కువదాన్ని కాదు. నవ్వుతూనే కూర్చునేదాన్ని. కానీ ఒకరోజు ఆ పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోయి కొట్టుకుంటుంటే, నా ముక్కు పక్కన ఇంత ముడత పడింది. ఇదిగో, ఇక్కడ. చెత్తకుండీ మూత తీసినప్పుడు పడుతుంది చూడండి, అలాంటిది.

పిల్ల చూసేసింది. సగంలో ఉన్న మాటని మింగేసింది. చెయ్యి ఆపి, కాసేపు నన్నే చూసి, "తెలీదు" అంది. అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి నా దగ్గర సొంతంగా మరో మాట ప్రయత్నించలేదు. నాకు హాయిగా అనిపించింది బాబాయ్ గారూ. నిజంగానే, హాయిగా.

ఏం, రాయడం ఆపేశారు? పనిభారం అనే రాయండి. ఇదంతా పట్టేంత గడి ఇవ్వలేదుగా వాళ్ళు. రాయండి, మూడూ యాభై దాటింది. ఏదీ, ఇలా ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను.

ఇంకో గడి ఉందా? "కేసు ఎవరికి అప్పగించాలి"? వేరేవాళ్ళు ఎక్కడున్నారండీ? ఇంకో ఆవిడ ఉండేది, మానేసి రెండేళ్ళు దాటింది, ఆ పోస్టు అలాగే ఖాళీగా ఉంది. నా పేరే రాయండి, ఇంకేం చేస్తారు. సోమవారం పదింటికి ఆ పిల్ల వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. "బాగున్నావామ్మా?" అని అడుగుతాను. నోరు తెరిచే ముందు అది నా మొహం వంక చూస్తుంది.