జానెడు తిరిగిన తెర

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు మన న్యాయస్థానపు నకళ్ళ విభాగంలో, కిటికీ పక్క బల్ల వద్ద తొలిసారి ఆసీనులైన మన శిరస్తాదారు మేడం గారు, ముప్ఫై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక కమిటీ వారు నన్ను ఆదేశించారు. రెండు పేజీలు దాటరాదనీ, మంచి మాటలే ఉండాలనీ రెండు షరతులు పెట్టారు. మొదటిది పాటిస్తాను. రెండోదాని సంగతి చివర్లో చూద్దాం.

నకళ్ళ విభాగంలో ఏడేళ్ళ పాటు వారు నిర్వహించిన బాధ్యత బయటికి కనిపించనిది, కాని అనేకుల తలరాతలు దాని మీదే ఆధారపడి ఉండేవి. తీర్పు నకలు చేతికిచ్చే ముందు "ఒక్క నిమిషం" అని, మూలప్రతితో అక్షరం అక్షరం మరోసారి సరిచూసేవారు. ఆ ఒక్క నిమిషం ఏనాడూ పావుగంటకు తగ్గలేదు. ప్లీడర్లు గుమ్మంలో నిలబడి గడియారాలు చూసుకుంటూ, మనసులో ఏమనుకున్నారో గానీ పైకి మాత్రం "ఒక్క నిమిషం మేడం" అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. చివరికి జడ్జిగార్లు కూడా పొరపాటున ఒకటి రెండు సార్లు అలాగే పిలిచారు.

తరువాత వారు సెషన్స్ కోర్టు బెంచి క్లర్కుగా పదోన్నతి పొందారు. అప్పటికి అక్కడ స్టెనోగా ఉన్న నాకు, వారి కుడిపక్క కుర్చీలో ఇరవై మూడేళ్ళు కూర్చునే భాగ్యం కలిగింది. హత్య, దోపిడీ వంటి తీవ్ర నేరాలలో అసలు విచారణ ఆరంభం కావడానికి ముందు జరిగే వాయిదాలే మా గదికి ముఖ్యమైన పని. అక్కడ సాక్షులుండరు, ఉద్వేగభరితమైన వాదనలుండవు. ముద్దాయి వచ్చాడా, కాగితాలు అందాయా, వకీలును పెట్టుకున్నాడా, మళ్ళీ ఎప్పుడు? ఒక్కొక్క కేసుకు రెండు నిమిషాలు. మధ్యాహ్నం మూడు దాటాక పై కిటికీ లోంచి ఎండ వాలుగా దిగి దస్త్రాల మీద పరుచుకునేది, పంకా గాలికి కాగితాల అంచులు లేచి పడుతుండేవి, వరండాలో పిలుపులు ఎక్కడో దూరాన్నుంచి వచ్చినట్టు వినిపించేవి. మెలకువకూ నిద్రకూ మధ్య నడిచే ఆ గది ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. ఆ మగత హాయిగా ఉండేది. ఎవరి బతుకో అక్కడ ఆగిపోయి ఉందన్న సంగతి అందులో మెల్లగా మరుగున పడేది.

మేడం గారికి మాత్రం మరుపు లేదు. అభియోగాలు చదివి వినిపించాక "అర్థమైందా నాయనా?" అని అడిగి, ముద్దాయి తలూపినా ఒప్పుకునేవారు కారు. "తల కాదు, నోటితో చెప్పు. ఏం అర్థమైందో చెప్పు" అనేవారు. పబ్లిక్ ప్రాసిక్యూటరు గారు ఆవులింత చేత్తో కప్పుకునేవారు.

సుమారు పదేళ్ళ క్రితం జైలుకూ మా గదికీ మధ్య వీడియో తెర వచ్చింది. విచారణ ఖైదీలను బండిలో తీసుకురావలసిన పని తప్పింది. కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెడితే, నీటి అడుగున ఉన్నట్టు కదిలే ముఖమొకటి మాకు కనిపించేది. పేరు పిలిస్తే "ఉన్నానండీ" అనేది. మేడం గారు "హాజరు" అని రాసేవారు, జడ్జిగారు రిమాండు పొడిగించేవారు. తెర ముఖం జడ్జిగారి వైపు, వీపు జనం వైపు. వెనక బెంచీల మీద కూర్చున్న బంధువులకు కనిపించేవి నాలుగు వైర్లు, ఓ నల్ల రేకు.

ఆ బెంచీలలో ఒక తల్లి ఉండేది. కొడుకు మీద హత్య కేసు. రెండు బస్సులు మారి ప్రతి వాయిదాకూ వచ్చి, ఆ నల్ల రేకు వైపే చూసి వెళ్ళేది. మూడవ వాయిదాన లేచి నిలబడి, "ఏమీ అనుకోకమ్మా, దాన్ని కాస్త ఇటు తిప్పుతావా? మావాడి మొహం చూసుకుని పోతాను" అన్నది. ఆ రోజు అభియోగాలు నమోదు కావలసి ఉంది. జడ్జిగారు కలం తీశారు. మేడం గారు "ఒక్క నిమిషం సార్" అని లేచి, తెరను రెండు చేతులా పట్టుకుని జానెడు పక్కకు తిప్పారు.

ఆ తల్లి దగ్గరకు వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ బాబు ఎవరమ్మా? మావాడు కాదే!"

ప్రాసిక్యూటరు గారు నవ్వారు. "తెర మీద అందరూ అలాగే కనిపిస్తారులే, పెద్దమ్మా."

"చాల్లే బాబూ! కన్నదాన్ని, తెర మీదైతే మాత్రం పోల్చుకోలేనా?"

జడ్జిగారు తండ్రి పేరు అడిగారు. అంతవరకు ఎవరమూ అడగని ప్రశ్న అది. తెర మీది మనిషి వేరే పేరు చెప్పాడు. జైల్లో ఒకే పేరు గలవారు ఇద్దరు. ఇతను సైకిలు దొంగతనం కేసులో ఉన్నవాడు. "మరి నువ్వెందుకు కూర్చున్నావయ్యా?" అని అడిగితే, "కూర్చోమన్నారు, కూర్చున్నానండీ" అన్నాడు. అతని తప్పు ఏముంది? ఇంకో నిమిషం గడిచి ఉంటే పాపం హత్యాభియోగానికి కూడా "ఉన్నానండీ" అనేవాడు.

అసలు కొడుకు ఐదు వారాలుగా జైలు ఆసుపత్రిలో కామెర్లతో తెలివి తప్పుతూ పడి ఉన్నాడు. ఇంటికి కబురు చేసినవారు లేరు. మా కాగితాల ప్రకారం అతను రెండు వాయిదాలకూ నిక్షేపంగా హాజరైన మనిషి. ఆ సాయంత్రమే జడ్జిగారి ఉత్తర్వుతో పెద్దాసుపత్రికి తరలించారు. మరో రెండు రోజులైతే తమ చేతుల్లో ఉండేది కాదని అక్కడి డాక్టరు రాశారు. ఆ కేసు తరువాత ఏమైందన్నది ఇక్కడ అప్రస్తుతం. మనిషి బతికాడు.

పిమ్మట పైనుంచి మెమో వచ్చింది. రెండు తేదీలలో "హాజరు" ఎవరు రాశారు? ఆఫీసంతా మేడం గారి చుట్టూ చేరి, "జైలు వాళ్ళ మీదికి తోసెయ్యండి, అక్కయ్యగారూ. కొరివితో తల గోక్కుంటారా?" అని హితవు చెప్పింది. వారు మూడు వాక్యాలు రాసి నాకే టైపుకిచ్చారు. "ఆ రెండు తేదీలలోనూ పేరు విని, ముఖం పోల్చుకోకుండా హాజరు రాసినది నేను. ఎవరూ నన్ను తప్పుదోవ పట్టించలేదు. తప్పు నాది." ఫలితంగా, ఆఫీసు సిబ్బందికంతటికీ పెద్దయిన శిరస్తాదారు పదవి వారికి నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ నాలుగేళ్ళూ తమకన్నా చిన్నవారి కింద, చిరునవ్వు చెదరకుండా పనిచేశారు. వెనక బెంచీలకూ ముఖం కనిపించేలా తెర కాళ్ళు ఎక్కడుండాలో బల్ల మీద సుద్దముక్కతో గీత గీశారు. చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసేవారు.

ఇక కమిటీ వారి రెండో షరతు.

అరెస్టయిన కొత్తలో ఆ కుర్రవాణ్ణి స్వయంగా కోర్టుకు తెచ్చినప్పుడు, ఎదురుగా కూర్చుని అరగంట పాటు అతని జవాబులు తీసుకున్నది నేను. గడ్డం కింద అతనికి తెల్లటి మచ్చ ఉంది. తెరకు అందరికన్నా దగ్గరగా కూర్చునేదీ నేనే. రెండవ వాయిదాన, ఆ మచ్చ ఏదీ అని నాకు అనిపించింది. అనిపించి, ఇంకా ఇరవై కేసులున్నాయి కదా అని ఊరుకున్నాను. ఈ సంగతి పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం, బీరువా తాళాలు అప్పగిస్తున్న మేడం గారికి చెప్పాను. వారు తలెత్తలేదు.

"తెలుసు తమ్ముడూ. ఆ కాగితం టైపు చేస్తుంటే నీ చేతులు రెండు సార్లు ఆగాయి."

"తెలిసి కూడా ఒక్క మాట అనలేదేం, అక్కయ్యగారూ?"

"ఒకసారి చూడకుండా ఇంకొకళ్ళకి హాజరు రాశాను. చాలదా? నీది నువ్వే వేసుకో."

వారు తాళాలు లెక్క సరిపోయిందో లేదో చూసుకుని, "ఒక్క నిమిషం" అని మళ్ళీ మొదటి నుంచీ చూశారు.

"మా అమ్మ ఇంట్లోనూ ఇంతే. తిన్నానంటే నమ్మదు, మొహం చూసి గానీ వదలదు" అని వారి అమ్మాయి నవ్వుతూ చెప్పింది. బావగారికీ, ఆ అమ్మాయికీ మా విన్నపం ఒక్కటే. ఇన్నేళ్ళు అందరి ముఖాలూ చూసిన ఆ మనిషి ముఖాన్ని ఇకపై రోజూ మీరు పరకాయించి చూడండి. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, తీరికతో, మధ్యాహ్నపు ఎండ కాళ్ళ మీద పడేలా కిటికీ పక్కన కూర్చుని నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఆ మూడు వాక్యాల కింద రెండో సంతకం ఒకటి ఉండవలసింది. పదేళ్ళు ఆలస్యంగా ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజు నేనూ హాజరే.

ఇట్లు,
స్టెనో